ఆటారి హెర్క్యులిస్ (1979): ఆడినవాళ్లు పెదవి విరుస్తారు, కొన్నవాళ్లు వదులుకోరు

శ్రీధర్_సన్నీవేల్:

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరికి రెండు గంటల దూరంలో ఒక పెద్దాయన తన షెడ్డు ఖాళీ చేస్తూ, ఆటారి కంపెనీ 1979లో తయారుచేసిన హెర్క్యులిస్ అనే పిన్‌బాల్ యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. పిన్‌బాల్ అంటే గాజు కింద వాలుగా ఉన్న బల్ల మీద దొర్లే బంతిని, కిందికి జారిపోకుండా బొత్తాలు నొక్కి ఫ్లిప్పర్లనే చిన్న చేతులతో పైకి కొడుతూ ఆడే ఆట. వాణిజ్యపరంగా తయారై మార్కెట్లోకి వచ్చిన పిన్‌బాల్ యంత్రాల్లో ఇదే అతి పెద్దదని ఈ రంగంలో అందరూ చెప్పుకొనే మాట. ఎత్తు 83 అంగుళాలు, వెడల్పు 39, పొడవు 93. మామూలు పిన్‌బాల్‌లో ఉండే గోలీకాయంత ఉక్కు బంతికి బదులు ఇందులో బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటలో వాడే తెల్లటి క్యూబాల్ దొర్లుతుంది.

నేను పనిచేసేది సన్నీవేల్‌లో. ఒకప్పుడు ఆటారి ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఇక్కడే, బొర్రెగాస్ అవెన్యూ మీద. అందుచేత ఆ కంపెనీ యంత్రం ఒకటి ఇంట్లో ఉండాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. అయితే విచారించగా ఒక విచిత్రం బయటపడింది. దీన్ని ఆడినవాళ్లలో ఎక్కువమంది ఆట మందకొడిగా ఉందంటున్నారు. సొంతంగా ఉన్నవాళ్లు మాత్రం ఎంత అడిగినా అమ్మడం లేదు. ఆట బాగుండని ఆటయంత్రానికి ఇంత గిరాకీ ఎందుకో తెలిసినవారు చెప్పగలరు. కొనాలా వద్దా అన్న నిర్ణయం ఆ తర్వాత తీసుకుంటాను.

బోర్డుల_బాబ్జీ:

శ్రీధర్ గారూ, ముందు ఈ యంత్రం ఏ పరిస్థితుల్లో పుట్టిందో చూస్తే మీ సందేహం సగం తీరుతుంది. పిన్‌బాల్ పరిశ్రమకు పుట్టిల్లు షికాగో. గాట్లీబ్, బ్యాలీ, విలియమ్స్ వంటి పెద్ద కంపెనీలన్నీ అక్కడివే. ఆటారిది కాలిఫోర్నియా, వాళ్లకు తెలిసింది వీడియో ఆటలు. 1976లో రెండు సంగతులు జరిగాయి. న్యూయార్క్‌లో 1942 నుంచి పిన్‌బాల్ మీద ఉన్న నిషేధం ఎత్తేశారు. ఇది జూదం కాదు, నైపుణ్యంతో ఆడే ఆట అని నిరూపించడానికి రోజర్ షార్ప్ అనే పత్రికా రచయిత నగర మండలి సభ్యుల ఎదుట యంత్రం పెట్టించుకొని ఆడి చూపించింది అప్పుడే. అదే ఏడాది వార్నర్ కమ్యూనికేషన్స్ 2.8 కోట్ల డాలర్లు పెట్టి ఆటారిని కొన్నది. చేతిలో డబ్బు, ఎదుట పెరుగుతున్న మార్కెట్. వాళ్లు పిన్‌బాల్‌లోకి దిగారు.

షికాగోవాళ్లు ఇంకా రిలేలు, కాంటాక్టులనే విద్యుత్ మీటలతో నడిచే యంత్రాల నుంచి ఎలక్ట్రానిక్స్‌కు మారుతున్న రోజుల్లో ఆటారి మొదటి యంత్రం నుంచే మైక్రోప్రాసెసర్ వాడింది. మోటరోలా 6800 చిప్పు. కేబినెట్లు కూడా మామూలువాటికంటే వెడల్పుగా చేసింది. ది ఆటారియన్స్, టైమ్ 2000, ఎయిర్‌బోర్న్ అవెంజర్, మిడిల్ ఎర్త్, స్పేస్ రైడర్స్, సూపర్‌మ్యాన్ వరసగా వచ్చాయి. వాటిలో స్టీవ్ రిచీ రూపొందించిన సూపర్‌మ్యాన్‌ను ఇప్పటికీ మెచ్చుకొనేవాళ్లున్నారు. చివరిది హెర్క్యులిస్, దీని రూపకర్త స్టీవ్ బెల్. దీని తర్వాత ఆటారి నుంచి మరో పిన్‌బాల్ మార్కెట్లోకి రాలేదు. వెడల్పు పెంచుకుంటూ పోయిన కంపెనీ ఆఖరికి వచ్చి ఆగింది ఇక్కడన్నమాట.

ఎన్ని తయారయ్యాయన్న లెక్క వందల్లోనే ఉంటుంది. దానితో పోలిస్తే 1992లో బ్యాలీ పేరుతో వచ్చిన ఆడమ్స్ ఫ్యామిలీ యంత్రాలు 20,270 తయారయ్యాయి.

కిట్టు_కూకట్‌పల్లి:

మాకు హెర్క్యులిస్ అంటే నాన్నగారి సైకిలే తెలుసు. కనుక ఈ చర్చ నాకు పూర్తిగా కొత్త. పిన్‌బాల్‌కు మా తరం దగ్గరగా వచ్చింది మేకులు కొట్టిన చెక్క బ్యాగటెల్ బోర్డుతోనే. స్ప్రింగు లాగి వదిలితే గోలీ మేకుల మధ్య నుంచి దిగి ఏదో ఒక గుంటలో పడేది, అంతే. నా ప్రశ్న ఒక్కటే. యంత్రం పెద్దదైతే ఆట ఎందుకు నెమ్మదిస్తుంది? క్యూబాల్ తేలిక కాబట్టి మందంగా దొర్లుతోందా? అలాగైతే అదే సైజులో ఉక్కు బంతి చేయించి వేస్తే సరిపోదా?

భౌతికం_మాస్టారు:

కిట్టూ, మంచి ప్రశ్న అడిగావు. మీ బ్యాగటెల్ బోర్డు ఈ యంత్రానికి ముత్తాతే. ఫ్రాన్సులో పుట్టిన ఆ ఆటకు స్ప్రింగు ప్లంజర్ (బంతిని తోయడానికి లాగి వదిలే కడ్డీ) బిగించి మాంటేగ్యూ రెడ్‌గ్రేవ్ అమెరికాలో పేటెంటు తీసుకున్నది 1871లో. బంతిని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లు 1947లో గాట్లీబ్ వారి హంప్టీ డంప్టీతో వచ్చాయి. ఆ ఫ్లిప్పర్లు వచ్చాకే అది అదృష్టం మీద నడిచే ఆట కాకుండా పోయింది.

ఇక నీ సందేహానికి వస్తాను. వాలు బల్ల మీద దొర్లే, లోపల బోలుగా లేని బంతి త్వరణం దాని బరువు మీద గాని సైజు మీద గాని ఆధారపడదు. గురుత్వ త్వరణాన్ని వాలు కోణం సైన్‌తో హెచ్చించి, అందులో ఏడింట ఐదు వంతులు తీసుకుంటే ఎంతో, త్వరణం అంతే. క్యూబాల్‌కైనా, ఉక్కు గోలీకైనా, గుమ్మడికాయంత ఇనుప గుండుకైనా లెక్క ఒకటే. కాబట్టి బంతి తేలిక కావడం వల్ల నెమ్మదిగా దిగుతోందన్న ఊహ నిలవదు.

మరి నెమ్మది ఎక్కడి నుంచి వచ్చింది? దూరం నుంచి. మామూలు పిన్‌బాల్ కేబినెట్ పొడవు సుమారు 52 అంగుళాలు, దీనిది 93. దూరం 1.8 రెట్లు పెరిగితే, అదే వాలు మీద నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన బంతి కిందికి చేరే కాలం దాని వర్గమూలం మేరకు, అంటే 1.34 రెట్లు పెరుగుతుంది. యంత్రాన్ని పెంచగలిగారు గాని భూమి ఆకర్షణను పెంచలేరు గదా. కళ్లకు ఇంకో మోసం కూడా ఉంది. పెద్ద బంతి తన వ్యాసమంత దూరం జరగడానికి చిన్న బంతికంటే ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల వేగం లెక్కకు సమానమైనా చూడటానికి సోమరిగానే కనిపిస్తుంది.

దిగేటప్పుడు బరువుతో పని లేకపోయినా, కొట్టి పైకి పంపేటప్పుడు బరువు అడ్డం వస్తుంది. మామూలు బంతి వ్యాసం 27 మి.మీ., బరువు 80 గ్రాములు. పూల్ క్యూబాల్ వ్యాసం 57 మి.మీ., బరువు 170 గ్రాములు. అంటే రెండు రెట్ల పైచిలుకు. 1.8 రెట్లు పొడవైన బల్ల మీద ఆటగాడికి అదే చురుకు కనిపించాలంటే వేగం కూడా 1.8 రెట్లు ఉండాలి. శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక ఫ్లిప్పర్ ప్రతి దెబ్బకూ దాదాపు ఏడు రెట్లు శక్తి ఇవ్వవలసి వస్తుంది. ఫ్లిప్పర్‌ను కదిలించే కాయిల్ (విద్యుత్ తీగచుట్ట) అంతటిది పెడితే అది వేడెక్కక మానదు, దెబ్బ తిన్న సామాను విరగక మానదు.

ఇప్పుడు నీ ఉక్కు బంతి సంగతి. 57 మి.మీ. ఉక్కు గుండు సుమారు 760 గ్రాములు తూగుతుంది. ముప్పాతిక కిలో ఇనుము గాజు కింద ఎగిరిపడుతుంటే ఆ యంత్రం దగ్గర నిలబడాలని నువ్వు గాని నేను గాని అనుకోము. క్యూబాల్ ఎంచుకోవడంలో వారి తెలివి అక్కడ కనబడుతుంది. తేలిక, గట్టి, పైగా ఏ పూల్ సామాను కొట్టుకు వెళ్లినా దొరుకుతుంది.

కిట్టు_కూకట్‌పల్లి:

మాస్టారూ, ఇంత సులువుగా కాలేజీలో చెప్పివుంటే నేను ఫిజిక్సులో ఇంకో పది మార్కులు తెచ్చుకొనేవాణ్ణి. ధన్యవాదాలు.

పద్మజ_హెండర్సన్:

మేము ఉండేది లాస్ వేగస్ పక్కనే కనుక పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు మా పిల్లలతో వెళుతుంటాను. టిమ్ ఆర్నాల్డ్ లాభాపేక్ష లేకుండా నడుపుతున్న ఆ ప్రదర్శనశాలలో యంత్రాలన్నీ ఆడుకోవడానికే పెట్టారు, తాళ్లు కట్టి దూరం నుంచి చూడమనరు. 2021లో ‘వెల్‌కమ్ టు లాస్ వేగస్’ బోర్డుకు దగ్గరలోని కొత్త భవనంలోకి మారింది. హెర్క్యులిస్‌ను నేను ఆడింది అక్కడే.

మాస్టారు గారు చెప్పిన లెక్కను నా మాటల్లో చెబుతాను. మామూలు పిన్‌బాల్‌లో బంతి బంపర్ల (తాకిన బంతిని విసిరికొట్టే దిమ్మల) మధ్య పడితే కన్ను దాని వెంట పరుగెత్తాలి. ఇక్కడ బంతి బంపర్‌ను తాకి, కాస్త ఆలోచించుకొన్నట్టు ఆగి, పక్కకు వస్తుంది. శబ్దం కూడా వేరు. ఉక్కు బంతి చేసే కరకర ఉండదు, చెక్క నేల మీద బరువైన బీరువా చక్రం కదిలినట్టు గుడగుడమంటూ దొర్లుతుంది. ఆ గుడగుడ అరచేతుల్లో తెలుస్తుంది. ఫ్లిప్పర్ లేచినప్పుడు ‘టక్’ కాదు, ‘దడ్’ అంటుంది.

నన్ను అన్నిటికంటే నిరాశపరిచింది నెమ్మది కాదు. పిన్‌బాల్ తెలిసినవాళ్లు బొత్తాలు నొక్కడంతో ఆగరు. బంతి రెండు ఫ్లిప్పర్ల మధ్య నుంచి జారిపోబోతున్నప్పుడు యంత్రాన్ని నడుముతోనో మణికట్టుతోనో ఒక్క రవ్వ తోస్తారు. మరీ ఎక్కువ తోస్తే టిల్ట్ పడుతుంది, అంటే యంత్రం ఫ్లిప్పర్లను ఆపేస్తుంది; తక్కువ తోస్తే బంతి జారిపోతుంది. ఆ హద్దు మీద నిలవడంలోనే ఆట రుచి ఉంది. హెర్క్యులిస్‌ను తోయడం ఎవరి తరం? గోడను తోసినట్టే. ఆటలో సగం విద్య అక్కడే ఆవిరైపోతుంది.

అయినా మా పిల్లలకు అక్కడున్న యంత్రాలన్నిటిలో ఇదే ఇష్టం. 39 అంగుళాల వెడల్పు కనుక రెండు పక్కల బొత్తాలు వాళ్ల చేతులకు ఒకేసారి అందవు. ఎడమ ఫ్లిప్పర్ అన్నది, కుడి ఫ్లిప్పర్ చెల్లిది. బంతి పోయినప్పుడల్లా తప్పు అవతలివారిదే. పెద్దవాళ్లకు మందకొడిగా తోచే ఆ వేగం ఆరేళ్ల పిల్లకు సరిగ్గా అందుకొనే వేగం.

వెంకట్_డెట్రాయిట్:

నేను వేరే మాట చెబుతాను. అరుదు కావడం వేరు, గొప్పది కావడం వేరు. సేకర్తలు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు. బాబ్జీ గారు చెప్పిన ఆడమ్స్ ఫ్యామిలీనే తీసుకోండి. ఇరవై వేలకు పైగా తయారైంది, ఏ మూల చూసినా కనిపిస్తుంది, అయినా దాని ధర తగ్గదు, ఎందుకంటే ఆడినకొద్దీ ఆడాలనిపిస్తుంది. అరుదైనవాటిలోనూ మంచివి లేకపోలేదు. 1996లో వీడియో ఆటల కంపెనీ క్యాప్‌కామ్ పిన్‌బాల్ విభాగం మూతపడే సమయానికి కింగ్‌పిన్ అనే యంత్రాలు తొమ్మిది, బిగ్ బ్యాంగ్ బార్ అనేవి పద్నాలుగు మాత్రమే నమూనాలుగా మిగిలాయి. ఆట బాగుంది కనుకే బిగ్ బ్యాంగ్ బార్‌ను తర్వాత 2007లో మళ్లీ తయారుచేసే సాహసం జరిగింది. హెర్క్యులిస్‌ను మళ్లీ చేయాలని ఎవరైనా అనుకున్నారా? అనుకోరు. అదే దాని విలువకు తీర్పు.

శ్రీధర్ గారికి ఆటారి మీదే మనసుంటే సూపర్‌మ్యాన్ కొనమంటాను. అదీ 1979దే, గదిలో పడుతుంది, ఆడటానికి బాగుంటుంది, కొన్నాక ఇంట్లో తిట్లు తక్కువ పడతాయి.

బోర్డుల_బాబ్జీ:

వెంకట్ గారి వాదన ఆటగాడి వాదన. దానికి నేను అడ్డు చెప్పను. ఆడటానికి కొనేటట్లయితే సూపర్‌మ్యానే కొనాలి. కాని సేకర్త చూపు మరో వైపు నుంచి ఉంటుంది, అక్కడ వారు ఒక సంగతి వదిలేశారు. హెర్క్యులిస్‌ను అరుదు చేసింది తక్కువగా తయారవడం ఒక్కటే కాదు. తయారైన తర్వాత కూడా దాన్ని అరుదు చేస్తూ వచ్చింది దాని ఒళ్లే.

లెక్క చూడండి. ఇది నేల మీద 25 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. మామూలు పిన్‌బాల్ ఎనిమిది చదరపు అడుగుల్లో ఇమిడిపోతుంది. అంటే ఒక హెర్క్యులిస్ పెట్టాలంటే ఆర్కేడ్ (నాణేలు వేసి ఆడే ఆటయంత్రాల హాలు) యజమాని మూడు యంత్రాల ఆదాయం వదులుకోవాలి. వీడియో ఆటల పెట్టె ఇంకా చిన్నది, దాని చోటులో అలాంటివి నాలుగు పడతాయి. పైగా ఇది బయటికి వచ్చిన సమయం ఎలాంటిది? 1978లో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చి చిల్లరంతా తన వైపు లాక్కున్నది. 1979 నవంబరులో స్వయానా ఆటారియే ఆస్టరాయిడ్స్ విడుదల చేసింది. సొంత ఇంట్లోనే పోటీ పుట్టిందన్నమాట. అటువంటప్పుడు 25 చదరపు అడుగుల ఘటోత్కచుణ్ణి ఎవరు పోషిస్తారు? వినోద పార్కులు, పెద్ద హాళ్లు పెట్టుకున్నాయి, తలుపు దగ్గర నిలబెడితే జనం ఆగి చూస్తారని. చూసినవాళ్లు ఒకసారి ఆడేవాళ్లు. రెండోసారికి పక్క యంత్రానికి వెళ్లేవాళ్లు.

ఆ తర్వాతి దశ ఇంకా ముఖ్యం. మామూలు పిన్‌బాల్ పాతబడితే కాళ్లు విప్పి, నిలువుగా నిలబెట్టి, గోదాములో ఒక మూల ఇరవై ఏళ్లు పెట్టవచ్చు. అలా మూలన పడ్డవే ఈ రోజు మన చేతికి వస్తున్నాయి. హెర్క్యులిస్‌ను మూలన పెట్టాలన్నా ఆ మూల ఒక గదంత ఉండాలి. పాడైతే బాగుచేయించేవాడికంటే పగలగొట్టి పారేయించేవాడే ఎక్కువ. దాని కొలతలే దాన్ని ఆర్కేడ్ నుంచి, తర్వాత గోదాము నుంచి గెంటించాయి. ఇప్పుడు మిగిలిన ప్రతి యంత్రం వెనకా దాన్ని పారేయలేక చోటిచ్చిన మొండివాడు ఒకడుంటాడు. సేకర్త కొనేది ఆ మొండితనాన్ని కూడా.

ఇంకొకటి. మళ్లీ ఎవరూ తయారుచేయరు అన్నారు వెంకట్ గారు. నిజమే. బిగ్ బ్యాంగ్ బార్ మళ్లీ తయారైంది కనుక మొదటి పద్నాలుగింటికి పోటీ వచ్చింది. హెర్క్యులిస్‌కు ఆ ప్రమాదం ఎన్నటికీ లేదు. మీరు దోషంగా చెప్పినదే దాని విలువకు కాపలా.

వెంకట్_డెట్రాయిట్:

చమత్కారంగా చెప్పారు, ఒప్పుకుంటాను. అయినా నా అభిప్రాయం మారలేదు. ఆడని యంత్రం బొమ్మే. ఏడు అడుగుల బొమ్మకు గ్యారేజీ ఇచ్చి, కారును మంచులో పెట్టే స్థోమత డెట్రాయిట్‌లో నాకు లేదు.

పద్మజ_హెండర్సన్:

ఆడని యంత్రం అనడం అన్యాయం, వెంకట్ గారూ. నిపుణుడు ఆడని యంత్రం అనండి. ఇంటికి వచ్చిన చుట్టాల్లో పిన్‌బాల్ తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? సూపర్‌మ్యాన్ దగ్గర వాళ్లు అర నిమిషంలో బంతులన్నీ పోగొట్టుకొని పకోడీల వైపు వెళ్లిపోతారు. హెర్క్యులిస్ దగ్గర నలుగురు చేరుతారు, ఇద్దరు ఆడతారు, ఇద్దరు సలహాలిస్తారు.

నిర్వాహకుడు:

సభ్యులకు మనవి. ఈ యంత్రం ఎంతకు కొనవచ్చునని కొందరు విడిగా సందేశాలు పంపుతున్నారు. ఇక్కడ ధరలు చర్చించకూడదన్నది మన నియమం. యంత్రం స్థితి, చరిత్ర, మరమ్మతుల వరకే ఉండండి.

శ్రీధర్_సన్నీవేల్:

అందరికీ ధన్యవాదాలు. బాబ్జీ గారి వివరణతో నా ప్రశ్నకు జవాబు దొరికింది, పద్మజ గారి మాటతో మా ఇంట్లో సగం అనుమతి కూడా దొరికింది. శనివారం యంత్రం చూడటానికి వెళుతున్నాను. ఏమేమి చూడాలో, ఇంటికి చేర్చడం సాధ్యమో కాదో చెప్పగలరా? మా గ్యారేజీ తలుపు ఎత్తు ఏడు అడుగులు.

బోర్డుల_బాబ్జీ:

ఏడు అడుగులంటే 84 అంగుళాలు, యంత్రం 83. కాగితం మీద పడుతుంది గాని, తలుపు ఎత్తే మోటారు, దాని పట్టాలు పైనుంచి ఎంత కిందికి వేలాడుతున్నాయో కొలిచి చూడండి. బ్యాక్‌బాక్స్ (వెనక నిలువుగా ఉండే పెట్టె) విడదీయడానికి వీలుందో లేదో, కాళ్ల బోల్టులు తుప్పు పట్టాయో లేదో అక్కడే చూసుకోండి. అది తేలకుండా వ్యాను మాట్లాడకండి. ఇంట్లోపలి తలుపులు సాధారణంగా 30 నుంచి 32 అంగుళాలు, వీధి తలుపు 36. కనుక 39 అంగుళాల కేబినెట్ అడ్డంగా లోపలికి రాదు. పక్కకు వాల్చి తేవాలంటే లోతు కొలవాలి. ఆ కొలత మీరే తీసుకోండి, అమ్మేవారు నోటితో చెప్పింది నమ్మకండి. గ్యారేజీలోనే ఉంచేటట్లయితే ఈ బాధ లేదు.

సామాను సంగతికి వస్తే, ఈ యంత్రంతో అసలు చిక్కు ఇక్కడ ఉంది. మామూలు పిన్‌బాల్‌కు రబ్బరు రింగులు, ఫ్లిప్పర్ సెట్లు, బంపర్ మూతలు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే వారంలో వస్తాయి, ఎందుకంటే దశాబ్దాలుగా ఆ సైజులు మారలేదు. హెర్క్యులిస్ సైజులు మరే యంత్రానికీ లేవు. విరిగిన ప్లాస్టిక్ ముక్క విరిగినట్టే, దాన్ని కొత్తగా కోయించుకోవాలి. అందుచేత ప్లేఫీల్డ్ (బంతి దొర్లే బల్ల) మీద ఏది విరిగింది, ఏది లేదు అన్నది ఒక్కొక్కటిగా ఫొటో తీయండి. ఎలక్ట్రానిక్ బోర్డు చెడిపోతే నాలాంటివాడు బాగుచేయగలడు, 6800 చిప్పు ఇప్పటికీ దొరుకుతుంది. లేని ప్లాస్టిక్‌ను మాత్రం నేను పుట్టించలేను.

రంగు ఎక్కడ అరిగిందో టార్చి వేసి చూడండి, ముఖ్యంగా ఫ్లిప్పర్లకు పైన బంతి ఎక్కువగా తిరిగే చోట. అక్కడ చెక్క బయటపడివుంటే అది ఏళ్ల తరబడి బాగా ఆడిన యంత్రమని గుర్తు. బ్యాక్‌గ్లాసు (బ్యాక్‌బాక్స్ ముందుండే బొమ్మ ఉన్న గాజు) వెనక వైపు మాత్రం వేలు పెట్టకండి. ఆ కాలపు బ్యాక్‌గ్లాసుల్లో చాలావరకు బొమ్మను గాజుకు వెనక నుంచి అచ్చువేస్తారు. దీపాల వేడికి, గోదాము తేమకు ఆ రంగు గాజును వదిలి పెచ్చులుగా లేచివుంటుంది. తుడుద్దామని గుడ్డ పెడితే హెర్క్యులిస్ మొహమే ఊడి గుడ్డకు అంటుకుంటుంది. పెచ్చులు లేచివుంటే తెచ్చాక పారదర్శకమైన అక్రిలిక్ స్ప్రే పలుచగా పొరలు పొరలుగా కొట్టి అక్కడికి ఆపవచ్చు. రాలిన రంగు తిరిగి రాదు.

స్విచ్చి వేయమని వారు తొందరపెట్టినా వేయనివ్వకండి. ముందు ఫ్యూజులు చూడాలి. పాత ఆర్కేడ్ మెకానిక్కులు ఫ్యూజు పోయినప్పుడల్లా మార్చలేక వెండి రేకు చుట్టి నెట్టుకొచ్చిన యంత్రాలు నా చేతికి చాలా వచ్చాయి. అలాంటి యంత్రానికి కరెంటు ఇస్తే తర్వాత కాలేది కాయిలే.

భౌతికం_మాస్టారు:

శ్రీధర్ గారూ, నాదొక చిన్న కోరిక. వీలైతే ప్లేఫీల్డ్ వాలు కొలిచి చెప్పండి. ఫోన్‌లో కోణం చూపే సదుపాయం ఉంటుంది గదా, అది గాజు మీద కాకుండా ప్లేఫీల్డ్ మీదే పెట్టండి. నా లెక్క మామూలు యంత్రపు వాలే దీనికీ ఉందన్న ఊహ మీద ఆధారపడింది. వాలు పెంచితే వేగం పెంచవచ్చు. అయితే ఫ్లిప్పర్లు అదే బంతిని ఇంకా నిటారుగా ఎక్కించవలసి వస్తుంది కనుక ఆ లాభం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టే.

శ్రీధర్_సన్నీవేల్:

వెళ్లి చూసి వచ్చాను. యంత్రం ఊహించినదానికంటే బాగుంది. బ్యాక్‌గ్లాసు ఎడమ అంచున అరచేయంత మేర రంగు లేచింది, వీరుడి మొహం మాత్రం క్షేమం. ఫ్లిప్పర్ల పైన రెండు చోట్ల చెక్క కనిపిస్తోంది. ప్లాస్టిక్ ముక్కల్లో ఒకటి పగిలింది గాని ముక్కలు రెండూ ఉన్నాయి, పెద్దాయన వాటిని ఒక కవరులో వేసి కేబినెట్ లోపల దాచారు. ఫ్యూజుల్లో ఒకదానికి వెండి రేకు ఉంది, బాబ్జీ గారికి జ్యోతిషం కూడా వచ్చునేమో. ప్లేఫీల్డ్ కింది భాగం ఎత్తినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. మామూలు యంత్రంలో బొటనవేలంత ఉండే కాయిల్స్ ఇక్కడ పిడికిలంత ఉన్నాయి, వాటి మధ్య తీగలు జడలుగా అల్లి దారంతో కట్టివున్నాయి.

మాస్టారూ, యంత్రం ముందు కాళ్ల కింద చెక్కలు పెట్టివున్నాయి, వెనక కాళ్లు నేల మీదే ఉన్నాయి. అందుచేత అక్కడ కొలిచిన కోణానికి అర్థం లేదు. ఇంటికి తెచ్చి సరిగ్గా నిలబెట్టాక చెబుతాను. అవును, తెస్తున్నాను, బయానా ఇచ్చాను.

ఒక్క సందేహం మిగిలింది. దానితో వచ్చిన బంతి తెల్లటిదే గాని చేతిలో పెట్టుకుంటే పూల్ బంతికంటే బరువుగా తోచింది. అయస్కాంతం దగ్గర పెడితే కొంచెం లాగుతోంది. ఇది అసలు బంతేనా?

బోర్డుల_బాబ్జీ:

కాదు. అది బారుల్లో నాణెం వేసి ఆడే పూల్ బల్లల క్యూబాల్. ఆ బల్లలు తెల్ల బంతిని మిగతావాటి నుంచి వేరుచేసి ఆటగాడికి తిరిగి ఇవ్వాలి కనుక, కొన్ని కంపెనీలు దానిలో లోహం కలిపి అయస్కాంతంతో పట్టుకొనేలా చేస్తాయి, మరికొన్ని సైజే కాస్త పెంచుతాయి. ఎవరో అసలు బంతి పోతే చేతికి దొరికింది వేసివుంటారు. దానితో ఆడకండి. వెర్నియర్‌తో వ్యాసం కొలవండి, వంటింటి త్రాసు మీద తూచండి, రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. మామూలు 57 మి.మీ., 170 గ్రాముల బంతి ఒకటి కొని, కరెంటు ఇవ్వకుండా చేత్తో అన్ని దారుల్లోనూ దొర్లించి, ఎక్కడా ఇరుక్కోకుండా, ప్రతి స్విచ్చినీ నొక్కుతూ పోతోందో లేదో చూడండి. ఆ రేకు చుట్టిన ఫ్యూజు ఏ సర్క్యూట్‌దో ఫొటో పంపండి, దాని విలువ నేను చెప్పేదాకా ప్లగ్గు గోడకు పెట్టవద్దు.